రుక్మాబాయి తాగని నీళ్లు

మల్లికార్జున్ కలానికి మూత బిగించకముందే మేనల్లుడు నితీష్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మతిమరుపు వచ్చిన వృద్ధులను ఉంచుకునే ఒక ఆశ్రమం వారి దరఖాస్తు అది. ఆశ్రమం హైదరాబాద్ శివారులో ఉంది. ‘రోగి పరిస్థితి తెలిసిన దగ్గరి బంధువు’ అన్న గడిలో రుక్మాబాయి తమ్ముడిగా మల్లికార్జున్ పేరూ, సంతకమూ చేరాయి. ఆ రోజు ఆదివారం. శుక్రవారం ఉదయం వాళ్ల బండి బోధన్‌కు వచ్చి ఆమెను తీసుకుపోతుంది.

సంతకం విషయంలో అరవై తొమ్మిదేళ్ల మల్లికార్జున్‌కు ఏ శంకా లేదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు దాని ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేసి, అది మూతపడ్డాక నిజామాబాద్‌లో స్థిరపడినవాడు. చుట్టాలలో ఎవరింట ఎవరు తాయెత్తు కట్టినా, గుమ్మానికి నిమ్మకాయ వేలాడదీసినా, ‘దీనికి రుజువేమిటి?’ అని అడిగి పెళ్లిళ్లలో కూడా భోజనాల రుచి చెడగొట్టిన మనిషి. ఈసారి కూడా అక్క కోడలు సుకన్య పుట్టింటివాళ్లు గాలి సోకిందనీ, ఒక స్వామి దగ్గర మూడు నిద్రలు చేయించాలనీ అంటే అందరినీ కసిరి, తనే వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు నరాల డాక్టరుకు చూపించాడు. స్కాన్ తీశారు. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి, మెదడు కుంచించుకుపోయిందనీ ఇది వెనక్కి వచ్చేది కాదనీ నాలుగు నిమిషాల్లో తేల్చాడు. ఆ నాలుగు నిమిషాల్లో అంకెలున్నాయి, అచ్చు కాగితం ఉంది, యంత్రం ఉంది. స్వామి ఓడాడు. మల్లికార్జున్‌కు అంతకంటే ఏం కావాలి? ‘స్కాన్ అబద్ధం చెప్పదు’ అని మేనల్లుడితో ఆయనే అన్నాడు.

దసరా దాటినప్పటి నుంచి రుక్మాబాయి తీరు మారిన మాట నిజం. డెబ్బై ఆరేళ్ల మనిషి, కొడుకు నితీష్‌ను చనిపోయిన భర్త పేరుతో పిలిచింది. పాలగిన్నె పెట్టకుండానే పొయ్యి వెలిగించి మరిచిపోయింది. పొద్దు వాలితే గడపలో కూర్చుని, చీర కొంగును ఆకులా కత్తిరిస్తున్నట్టు వేళ్లు ఆడిస్తూ, లేని బీడీలు చుట్టేది. ఉదయం పూట మాత్రం దాదాపు మామూలుగా ఉండేది. ఉదయానికీ సాయంత్రానికీ ఉన్న ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

సంతకం పెట్టి బయటికి వచ్చిన మల్లికార్జున్‌ను పక్కింటి మాసూమా గోడ దగ్గర ఆపింది. ఆమె, రుక్మాబాయి నలభై ఏళ్లు ఒకే బీడీ కార్ఖానాలో పక్కపక్కన కూర్చుని చాటల్లో బీడీలు చుట్టినవాళ్లు.

“మల్లిక్ భాయ్, జర ఆగు. రుక్కను పంపిస్తున్నరంట, సచ్చా?”

“నిజమే ఆపా. బీమారి అసొంటిది.”

“ఏం బీమారి? రుక్క పానీ తాగుతలేదు. దినాం చూస్తున్న నేను. రంజాన్‌ల మాకు నెల దినాలే రోజా. మీ అక్కకు పన్నెండు నెలలూ రోజానే ఉన్నది. మా అమ్మీ ముసల్దైనంక గూడ ఎండాకాలం రోజా ఇడవకపోతుండె. పొద్దు వాలితే చాలు, ఎవల్నో చూసి ఎవలో అనుకుంటుండె, లేని కోళ్లను అదిలిస్తుండె. ఇఫ్తార్‌ల నాలుగు గిలాసలు తాగినంక మళ్ల మంచిగైతుండె. రుక్కది గూడ గదే.”

రోజా, ఉపవాసం అన్న మాట దగ్గరే మల్లికార్జున్ చెవులు మూసుకుపోయాయి. మతం మాట వినబడితే దాని వెనక సమాచారం ఏదీ ఉండదని నలభై ఏళ్ల వాదనలు ఆయనకు నేర్పాయి.

“ఆపా, మతం సంగతులు మెదడు జబ్బుకు పనికిరావు. స్కాన్‌ల పక్కా వచ్చింది.”

“నేను మతం చెప్తున్ననా? పానీ చెప్తున్న!” మాసూమా గొంతు లేచింది. “మా దాంట్ల ముసలోళ్లకు, బీమారోళ్లకు రోజా మాఫ్ ఉన్నది. మా అమ్మీ జిద్దు మనిషి గాబట్టి వినకపోతుండె. ఏ దేవుణ్ని మొక్కనోనివి గద నువ్వు, మీ దాంట్ల మాఫీ లేదా?”

ఆయన స్కూటర్ తిప్పాడు. నిజామాబాద్ దాకా పాతిక కిలోమీటర్లూ ఆమె మీద కోపంతోనే బండి నడిపాడు. చదువు లేని మనిషి తనకు చెప్పడమా?

మంగళవారం ఎడపల్లి దగ్గర లింబయ్య చెరకు చేలో పని పడింది. చుట్టుపక్కల అందరూ వరిలోకి మారినా లింబయ్య మూడెకరాల చెరకు విడవలేదు. నరికే ముందు తోట పండిందో లేదో చూడటానికి ఏటా మల్లికార్జున్‌నే పిలుస్తాడు. ఫ్యాక్టరీ నాటి బ్రిక్స్ మీటర్ ఇంకా ఆయన సంచిలోనే ఉంది. జానెడు గొట్టం. దాని కొసన ఉన్న అద్దం మీద ఒక చుక్క రసం వేసి, వెలుతురు వైపు తిప్పి, ఇటు నుంచి కన్ను పెట్టి చూస్తే లోపల నీలి గీత ఒక అంకె మీద నిలుస్తుంది. రసం ఎంత చిక్కగా ఉంటే అంకె అంత పెద్దది. రైతులు దాన్ని దుర్బీన్ అంటారు.

“ఎంతొచ్చింది సారు?”

“ఇరవై రెండు.”

“మరేమనుకున్నవ్!” లింబయ్య మీసం మీద చెయ్యి వేశాడు. “నీళ్లు బంద్ పెట్టి ఇరవై దినాలాయె. బయటికెల్లి సుక్క దొరకకుంటే గడ తన కడుపుల నీళ్లు తనే తాగుతది. రసం సిక్కగైతది. ఆకులు సూడు ఎట్ల వాడి వాలినయో. తెల్వనోళ్లు సూస్తే తోటకు రోగమొచ్చిందనుకుంటరు.”

మల్లికార్జున్ అద్దం తుడవబోయి ఆగిపోయాడు.

కోతకు ముందు నీళ్లు ఆపమని ముప్పై ఏళ్లు రైతులకు చెప్పింది ఆయనే. వాడిన ఆకును చూసి రోగమని భ్రమపడిన కొత్త ఇన్‌స్పెక్టర్లను వెక్కిరించిందీ ఆయనే. అదే మనిషి, మూడు నెలలుగా అక్కను చూస్తూ, ఆమె రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతోందని ఒక్కసారైనా అడగలేదు. ప్రయోగశాలలో కింది ఉద్యోగి ఒక అంకె తెచ్చి ఇస్తే, ‘శాంపిల్ ఎప్పుడు తీశావు, ఎట్లా తీశావు, రెండోసారి చూశావా?’ అని మూడు ప్రశ్నలు వేసి, జవాబు రాకపోతే కాగితం మొహాన కొట్టేవాడు. నిజామాబాద్ డాక్టరును ఒక్క ప్రశ్నా అడగలేదు. మాసూమా కళ్లారా చూసింది చెప్పింది, పోల్చి చూడటానికి తన తల్లి సంగతీ చెప్పింది. పరిశీలన ఆమెది. మూఢనమ్మకం తనది.

లింబయ్య పోసిన చాయ్ తాగకుండానే బోధన్ దారి పట్టాడు.

ఇంట్లో సుకన్య బియ్యం చెరుగుతోంది. లోపల మంచం మీద రుక్మాబాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

“సుకన్యా, అక్క దినానికి ఎన్ని నీళ్లు తాగుతది?”

“నేను గిలాసలు లెక్కవెడ్తనా మామా? మంచం పక్కకు చెంబెడు పెడ్త.”

“ఆ చెంబు మళ్ల ఎప్పుడు నింపుతవు?”

“మర్నాడు పొద్దున. పాత నీళ్లు పొద్దుగూకినంక కరివేపాకు చెట్టుకు పోస్త.”

“ఎన్ని మిగుల్తయి?”

సుకన్య చేతిలో చాట ఆగింది. “...నిండనే ఉంటది మామా,” అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

అప్పుడు ఆయన అడిగినదానికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, గదేంది మామా, అత్తమ్మ ఒంటికి పోతే పట్టుకురావాల్నా?” కానీ తెచ్చింది. ముందుగా ఆయన పెరట్లోకి పోయి తన మూత్రంతో మీటర్ చూసుకున్నాడు. గీత రెండు మీద నిలిచింది. అక్కది ఎనిమిది. కడిగి, తుడిచి, మూడుసార్లు చూశాడు. ఎనిమిదే. మూత్రంలో చక్కెర ఉంటే అంకె పెరగవచ్చునని పాత రక్త పరీక్షల కాగితాలు తీయించాడు. ఆమెకు షుగర్ లేదు. ఆ ఎనిమిదిలో ఉన్నది తీపి కాదు, ఒళ్లు విడిచిన ఉప్పులూ మలినాలూ. వాటిని కరిగించడానికి చాలినన్ని నీళ్లు లేవని మాత్రమే ఆ గీత చెబుతోంది. ఒక్క అంకె రుజువు కాదని ఆయనకు తెలుసు. ప్రశ్న వేయడానికి మాత్రం చాలు.

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన నితీష్ గడపలోనే నిలబడిపోయాడు.

“మామా! చెరకు చూసే దుర్బీన్‌ల మా అమ్మది చూస్తున్నవా? దిమాక్ ఉన్నదా? రేపు లింబయ్య తోటల గూడ దీంతోనే చూస్తవా?”

“కడుగుత తియ్. ముందు గిది చూడు.”

“ఏం చూడాలె? చలికాలంల నీళ్లు తక్కువైతే మతి పోతదా? ఎవలన్న వింటే నవ్వుతరు. స్కాన్ అబద్ధం చెప్పదన్నది నువ్వే గద!”

“స్కాన్ అబద్ధం చెప్పలే. నేను అడిగేది అడగలే. డెబ్బై ఆరేండ్లకు ఎవల మెదడు ఫొటో తీసినా ఎంతో కొంత కుంచించుకపోయే ఉంటది. నాది తీసినా అంతే. చలిల దాహం తెల్వది. ముసల్తనంల అసలే తెల్వది. మీ అమ్మకు దూప చెప్పే గంటనే పాడైందిరా. లోపల ఎండిపోతున్నది, బయటికి తెలుస్తలేదు.”

“ఏమో మామా, నాలుగు దాటినంక నీళ్లు ఇయ్యద్దన్నది నేనే.” నితీష్ గొంతులో కోపం పలచబడింది. “పక్క తడుస్తుండె. చలికి వణుక్కుంట పండుకుంటుండె. నేనేం పగోణ్నా?”

“నువ్వు నాలుగు అన్నవు. ఆమె పొద్దటికెల్లే మానేసింది.”

ఆ రాత్రి ఆయన అక్కడే పడుకున్నాడు. తెల్లవారాక, మాట తేటగా ఉండే ఆ కాసేపట్లో, అక్క మంచం పట్టె మీద కూర్చుని నేరుగా అడిగాడు.

“అక్కా, నీళ్లెందుకు తాగుతలేవు?”

“దూప అయితలేదురా.”

ఆయన అక్కణ్నుంచి లేవకపోయేసరికి ఆమే, పైకప్పును చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

“బతుకమ్మకు సుట్టాలొచ్చిన్రు. పక్క తడిసింది. ‘సిన్నపోరివానే అమ్మా’ అన్నడు నితీషు, గంతమంది ముంగట. దుప్పటి వాకిట్ల ఆరేసిన్రు. గల్లీ అంత సూసింది. తాగకుంటే తడవది గద?”

“గిన్ని దినాలు ఎట్లుంటవే నీళ్లు లేకుంట?”

“నలభై ఏండ్లు ఎట్లున్న? కార్ఖానల అరవై మంది ఆడోళ్లం. ఒంటికి పోవడానికి ఒక్క జాగ లేకుండె. పొద్దుగాల చాయ్ తాగితే మళ్ల దీపాలు పెట్టినంకనే నీళ్లు. నువ్వు బీఎస్సీ సదివిన మూడేండ్లు గిట్లనే ఎల్లదీసిన. గిది నాకు కొత్తనా?”

మల్లికార్జున్ లేచి పెరట్లోకి పోయాడు. మరుగుదొడ్డికి పోవాలంటే రెండు మెట్లు దిగి, నాచు పట్టిన బండల మీద పది అడుగులు నడవాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరి మీద అరవాలో ఆయనకు తోచలేదు. అరవై మంది స్త్రీల కోసం నాలుగు రేకుల గది కట్టించలేని ఆ కార్ఖానా యజమాని ఎప్పుడో పోయాడు. నాలుగు నిమిషాల డాక్టరు ఈపాటికి ఇంకొకరి ఫిల్ము వెలుతురుకు ఎత్తిపట్టి ఉంటాడు. ఇల్లు కట్టేటప్పుడు ముందు గదిలో టీవీ గోడకు నాలుగు రకాల రాయి ఎంచిన నితీష్, ఈ మెట్ల పక్కన ఒక ఇనుప గొట్టం పాతలేదు. తను? నిజామాబాద్ నుంచి నెలకోసారి వచ్చి, అక్క పెట్టిన అన్నం తిని, మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోయినవాడు. ఆమె నోరు కట్టుకుని చదివించిన చదువుతోనే ఆమెను పంపించే కాగితం మీద సంతకం పెట్టాడు.

బుధవారం పొద్దున్నే అక్కను సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్న డాక్టరు అఖిలకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆమె రుక్మాబాయి నాలుక చూసింది, నాడి చూసింది, వాడుతున్న గోలీలన్నీ బల్ల మీద పోయించి ఒక్కొక్కటే చదివింది. రక్తం, మూత్రం పరీక్షకు పంపింది. మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. రక్తంలో ఉప్పు ఎక్కువగా ఉంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. బీపీకి వాడుతున్న గోలీల్లో ఒకటి ఒంట్లో నీటిని ఇంకా తోడేసే రకం. దాన్ని ఆపించి, సెలైన్ పెట్టించింది.

“అయితే మతిమరుపు జబ్బు లేనట్టే గద మేడం? ఆ డాక్టర్ రాసింది తప్పే గద?” మల్లికార్జున్ బల్ల మీదికి వంగాడు.

“నేనట్ల అనలేదు సార్. ఉందో లేదో ఇప్పుడు చెప్పలేం. నీళ్లు తగ్గినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్లకు ఇట్లా మతి తప్పుతది. ముందు ఇది తగ్గనియ్యండి, నెల తర్వాత జ్ఞాపకం పరీక్షలు చేద్దాం. అప్పటికి కొంత మరుపు మిగలొచ్చు కూడా.”

“నాలుగు నిమిషాల్ల రాసిచ్చిండు మేడం ఆయన! వెనక్కి రాదని రాసిచ్చిండు!”

“మీరు గెలవాలని చూస్తున్నరు సార్,” ఆమె పెన్ను కింద పెట్టింది. “నేను ఆమెతోని నీళ్లు తాగించాలని చూస్తున్న. ఒక్కసారే లోటాలు లోటాలు పొయ్యకండి. గంట గంటకు కొంచెం కొంచెం. పాలు, మజ్జిగ, చారు, ఏదైనా సరే. ఏ గంటకు ఎంతో రాసిపెట్టండి. ఆ పని మీకు బాగ వస్తదనుకుంట.”

మల్లికార్జున్ కలం మూత తీశాడు. చాలా ఏళ్లకు ఒకరు తన కంటే శాస్త్రీయంగా మాట్లాడారు.

వార్డులోకి వచ్చేసరికి మాసూమా మంచం పక్కన స్టూలు మీద ఉంది. చేతిలో రెండు స్టీలు గ్లాసులు. “ఒక్క గుక్క నాది, ఒక్క గుక్క నీది. నేను తాగిన, నీ వంతు. తాగకుంటే ఇయ్యాల నేను ఇంటికి పోను, మా కోడలు నీ మీద పడి ఏడుస్తది,” అంటోంది. రుక్మాబాయి విసుక్కుంటూ తాగుతోంది.

మల్లికార్జున్ ఆమె ముందు నిలబడ్డాడు. “ఆపా, ఆదివారం నేను...”

“స్కాన్‌ల ఏమొచ్చింది భాయ్?” మాసూమా తల తిప్పకుండానే అడిగింది. “పానీ అని వచ్చిందా, లేదా?”

“తప్పు నాదే.”

“తప్పు నీదే. ఇగ గా లోటా నింపుకరా.”

గురువారం సాయంత్రం రుక్మాబాయి వేళ్లు కొంగు కత్తిరించలేదు. శుక్రవారం ఉదయం డాక్టరు ఇంటికి పంపింది. వాళ్లు ఆటో దిగి లోపల కూర్చున్నారో లేదో, వాకిట్లో తెల్ల బండి ఆగింది. ఆశ్రమం మనిషి ఫైలు పట్టుకుని లోపలికి వచ్చాడు. రావద్దని నితీష్ వాళ్లకు ఫోన్ చేయలేదు. నాలుగు సీసాల సెలైన్‌కు తల్లి తిరిగి వస్తుందని అతడికి నమ్మకం కుదరలేదు. ఆ అపనమ్మకాన్ని మల్లికార్జున్ తప్పు పట్టలేకపోయాడు. స్కాన్ చూసిన రోజున తనకు ఉండవలసింది అదే.

“అడ్మిషన్‌కు ముందు రెండు మూడు ప్రశ్నలు అడగాలె సార్, రూల్,” అంటూ వచ్చిన మనిషి మంచం ముందు నిలబడ్డాడు. “అమ్మా, ఇది ఏ సంవత్సరం?”

రుక్మాబాయి ఆలోచించింది. చెప్పిన సంవత్సరం ఆరేళ్ల కిందటిది. అతడు ఫైలులో ఏదో రాసుకుని నితీష్ వైపు చూశాడు. నితీష్ తల దించుకున్నాడు. మల్లికార్జున్‌కు అఖిల చెప్పిన మాట గుర్తొచ్చింది, కొంత మరుపు మిగలొచ్చని.

“ఈయన ఎవరమ్మా?”

“నా కొడుకు. నాలుగు గొట్టినంక నీళ్లు బంద్ పెట్టినోడు.”

గుమ్మంలో నిలబడిన మాసూమా ఫక్కున నవ్వింది.

“మరి ఈయన?”

“వీడా?” రుక్మాబాయి తమ్ముణ్ని కిందికీ పైకీ చూసింది. “వీడు మల్లు. మా ఇంట్ల సదువుకున్నోడు.” ఆ మాటలో మెచ్చుకోలు లేదు. ఆమె చెయ్యి చాచింది. “గా కాయిదం ఏంది? నన్ను యాడికో తోలేదేనా? దాని మీద ఎవల సంతకం?”

ఆశ్రమం మనిషి ఫైలు వెనక్కి జరిపాడు.

“నాదే అక్కా,” అన్నాడు మల్లికార్జున్.

“నన్నడిగి పెట్టినవా?”

“లేదు.”

“పెట్టేముంగట ఒక్క పూట నా పక్కకు కూసున్నవా?”

“...లేదు.”

“లేదు! నెలకోపారి వస్తవు, స్వాముల్ని తిడ్తవు, పోతవు. ఊరందరికి రుజువులు అడుగుతవు గదరా, నా ఒంటి సంగతి నన్నే అడగవా? ఇంత బువ్వ పెట్టి సాకిన నిన్ను! కొడుకంటే కోపమొచ్చి ఒక మాట అన్నడు. నువ్వు కోపం గూడ లేకుంట రాసిచ్చినవు!”

ఆమె గొంతు వాకిలి దాటి గల్లీలోకి పోయింది. అవతలి ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. సంవత్సరం తెలియని ఆ మనిషికి ఎవరి మీద ఎంత కోపం రావాలో చాలా స్పష్టంగా తెలుసు. మల్లికార్జున్ ఆ తిట్లను ఒక్కటీ వదలకుండా విన్నాడు. తరువాత ఆశ్రమం మనిషి వైపు తిరిగాడు.

“నా సంతకం తప్పు. నేను తెలుసుకోకుండా పెట్టిన. వాపసు తీసుకుంటున్న.”

“సార్, సంవత్సరం కూడా చెప్పలేకపోయిన్రు. రేపు మళ్ల మొదలైతే?”

“మొదలైతే ఇంట్లనే అయితది,” అన్నాడు నితీష్. అందరూ అతడి వైపు చూశారు. అతడి మొహం కందిపోయి ఉంది. “బండి తిప్పుకోండి. మా అమ్మ యాడికీ రాదు.”

“ఇంకా ఒకసారి ఆలోచించుకుని...” అంటూ ఆశ్రమం మనిషి గుమ్మానికి అడ్డంగానే నిలబడి ఏదో చెప్పబోయాడు. రుక్మాబాయి రెండు అరచేతులూ మంచం పట్టె మీద ఆనించి లేచింది. సుకన్య పరుగున వచ్చి చెయ్యి అందించింది.

“నాకు ఒంటికి పోవాలె,” అంది రుక్మాబాయి, గల్లీ చివరి దాకా వినబడేటంత గొంతుతో. “మొగోళ్లందరు జరుగుండ్రి.”

కొడుకూ, తమ్ముడూ, ఫైలు పట్టుకున్న మనిషీ, ముగ్గురూ దారి వదిలి గోడకు అంటుకుని నిలబడ్డారు.